మోకాటి శస్త్రచికిత్స పిమ్మట బరువులెత్తుట
తాపీనదీతీరమందలి కామ్‌రేజ్‌కు సమీపమున, సూరత్ మరమగ్గములపై తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలీలు అనేకులు పనిచేయుచున్నారు. మోకాటికి శస్త్రచికిత్స జరిగినవారు, కూలి పోవుచున్నదను బెంగతో, కుట్లు విప్పినంతనే పడుగుబీము నెత్తబోవుట కద్దు.

చర్మము మానుట వేరు, తొడకండరము బలపడుట వేరు. కీలుమార్పిడి జరిగిన తొలినెలలో ఆ కండరపు బలము సగమునకు తగ్గిపోవచ్చును. కావున మొదట వెల్లకిల పరుండి, కాలిని చాచి పైకెత్తుటయే చాలును. బరువులు పిమ్మట, అదియు వైద్యుడు అనుమతించినపుడే, కొద్దికొద్దిగా. మరునాటికి మోకాలు వాచినచో బరువు ఎక్కువైనదన్నమాట.

ఎత్తునపుడు బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొనవలెను. ఊపిరి బిగపట్టరాదు, పాదము కదపక మోకాలు మెలిత్రిప్పరాదు. బీమును ఇద్దరు పట్టుటలో చిన్నతనమేమియు లేదు. పిక్క వాచి నొప్పిపుట్టినచో లోన రక్తము గడ్డకట్టియుండవచ్చును. మర్దనచేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.