ఇంజను వెనక్కి పోతే నీళ్ళు ఎట్టా తిరగాలి?

మా మామ విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో మెకానిక్కు. మొన్న వేసవి సెలవుల్లో నెల రోజులు ఆయన దగ్గరే ఉన్నాను. అప్పుడు అక్కడ ఒక బుల్లి కారు తయారవుతోంది. కంపెనీ కారు కాదండోయ్! ఇంజినీరింగు చదివే అన్నలు కొందరు ఇనప గొట్టాలతో చట్రం వెల్డింగు చేయించుకుని, పాత మారుతి 800 ఇంజనునీ గేరుబాక్సునీ ఒకే ముద్దగా తెచ్చి సీట్ల వెనక బిగించారు. విదేశాల్లో ఇట్టా విడిభాగాలు కొనుక్కుని ఇంటి దగ్గర బిగించుకునే కార్లను కిట్ కార్లు అంటారట. మన దగ్గర అనుమతి లేనిదే రోడ్డెక్కించకూడదు. ఇది మైదానంలో తిప్పడానికే.

ఇంజను సీట్లకీ వెనక చక్రాలకీ నడుమ ఉంటే బరువు కారు మధ్యకి చేరి, మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. 1959లో జాక్ బ్రబాం అనే ఆస్ట్రేలియా ఆయన ఇట్టాంటి కూపర్ కారుతోనే ప్రపంచ విజేత అయ్యాడు. కొద్ది ఏళ్ళలోనే పెద్ద పందెం కార్లన్నీ ఆ దారి పట్టాయి. అంతా బాగానే ఉంది గానీ, చల్లబరచడం దగ్గర చిక్కొస్తుంది.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో మహా అయితే మూడో వంతు చక్రాలకి అందుతుంది. ఇంచుమించు ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలింది ఇంజను గోడలకెక్కుతుంది. దాన్ని నీళ్ళు మోసుకుపోయి రేడియేటర్లో గాలికి అప్పజెప్పాలి. నీటికి విశిష్టోష్ణం ఎక్కువని మనం పరీక్షల కోసం బట్టీ పట్టాం కదా, అది ఎందుకు పనికొస్తుందో నాకు ఆ షెడ్డులోనే తెలిసింది.

ఒక అన్న గోడ మీద సుద్దతో లెక్క కట్టాడు. ఆ ఇంజను బలం సుమారు 37 హార్స్‌పవర్, అంటే 27 కిలోవాట్లు. నిండా తొక్కితే నీళ్ళలోకీ ఇంచుమించు అంత వేడే వస్తుందనుకుందాం. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి. రేడియేటర్లో నీళ్ళు 10 డిగ్రీలు చల్లబడితే, నిమిషానికి దాదాపు 39 లీటర్లు తిరగాలి. అంటే నిమిషానికి మూడు బిందెలు!

మొదట రేడియేటర్ని ఇంజను పక్కనే పెట్టారు. గొట్టాలు పొట్టిగా ఉంటాయని ఆశ. 2009లో వచ్చిన టాటా నానోకి కూడా ఇంజనూ రేడియేటరూ రెండూ వెనకే. కానీ దానికి గాలి అందేట్టు వెనక చక్రాల ముందు పక్కల్లో ప్రత్యేకంగా దారులు పెట్టారు. మావాళ్ళు అది మరిచారు. ఇంజను వదిలిన వేడిగాలినే రేడియేటర్ మళ్ళీ పీల్చుకుంది. పది నిమిషాలకే ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. పైగా అది మే నెల. నీళ్ళు 95 డిగ్రీలూ గాలి 30 డిగ్రీలూ ఉంటే తేడా 65. గాలే 45 ఉంటే తేడా 50. వేడిని లాగే శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినట్టే.

అప్పుడు మామ, "ఓమ్ని వ్యాను చూళ్ళేదా? ఇంజను సీటు కింద, రేడియేటర్ మూతి దగ్గర. దాన్ని ముందుకి తీసుకుపోండి" అన్నాడు. 32 మిల్లీమీటర్ల బోలు ఉన్న అల్యూమినియం గొట్టాలు రెండు, ఒక్కోటి 2 మీటర్లు, నేల పక్కగా వేశారు. ఆ గొట్టాల్లోకే అదనంగా 3 లీటర్ల పైన నీళ్ళు పడతాయి. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ రేకుతో మూశారు. ఎందుకంటే కాలవకి గండి పడితే నీళ్ళు చేలోకి ఎక్కవు కదా, గాలీ అంతే. సులువైన సందు కనపడితే రేడియేటర్లోకి దూరదు. వెనక నుంచి బయటికి పోయే దారి లేకపోయినా లోపలికి రాదు. కారు ఆగినప్పుడు గాలి లాగడానికి కరెంటు ఫ్యాను పెట్టారు.

ఇక నా ఘనకార్యం. నీళ్ళు పోసే పని నాకిచ్చారు. మూతి దాకా నిండాయి, మూత బిగించేశాను. బండి స్టార్టు చేశారు. ముల్లు కిందనే ఉంది, అందరం సంబరపడ్డాం. కాసేపటికి ఇంజన్లో టకటకమని చప్పుడు, తెల్లటి పొగ! జరిగిందేమంటే, పొడుగు గొట్టాల్లోని గాలి బయటికి పోలేక ఇంజను పైభాగంలో చిక్కుకుంది. వేడి చూపే మీటరు మొన నీళ్ళలో కాకుండా ఆ గాలిలో ఉంది. హెడ్డు మాడిపోతున్నా మీటరు చల్లగానే ఉందని చూపించింది. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది. ఆ అన్నలు చందాలేసుకున్న డబ్బు అది. నాకు ఏడుపొచ్చింది.

కంగారులో మూత తీయబోయాను. మామ నా చెయ్యి లాగేశాడు. "ఒరేయ్ అల్లుడూ, మొహం కాలిపోద్ది!" మూత లోపల ఒత్తిడి 0.9 బార్ దాకా నిలబడుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు దాదాపు 119 డిగ్రీల దాకా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పడిపోయి ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతాయి. ఇంజను చల్లారి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగే దాకా మూత ముట్టుకోకూడదు.

రెండోసారి పద్ధతిగా చేశారు. నీళ్ళు పోసే డబ్బాని అన్నిటికంటే ఎత్తులో బిగించారు. రేడియేటర్ తల మీదా, ఇంజను పైనా గాలి వదిలే స్క్రూలు పెట్టారు. కారు ముక్కుని జాకీతో లేపి, నెమ్మదిగా పోస్తూ, రబ్బరు గొట్టాలు పిసుకుతూ, స్క్రూల దగ్గర బుడగలు ఆగి నీళ్ళే వచ్చేదాకా ఉన్నారు. థర్మోస్టాట్ 82 డిగ్రీలకి తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నాక నీళ్ళు మళ్ళీ కొంచెం దిగాయి, మళ్ళీ పోశారు. పోసింది బోరు నీళ్ళు కాదు. బందరు వైపు బోర్లలో ఉప్పెక్కువ, రేడియేటర్లో గార కట్టేస్తుంది. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటరు.

ఆ సాయంత్రం నలభై నిమిషాలు ఇంజను ఆపలేదు. ఫ్యాను తిరగడం, ఆగడం, తిరగడం. ముల్లు సగం దగ్గరే నిలబడింది. కాకపోతే వేడి గొట్టాలు సీటు పక్కనుంచే పోతున్నాయి, డ్రైవరు ఎడం కాలు చుర్రుమంటోందని ఇంకో గొడవ మొదలైంది. నేను బడికి వచ్చే నాటికి వాటికి ఏం చుట్టాలా అని వాదించుకుంటున్నారు.