చేపల తొట్టిలో తెల్లచుక్కల జాడ్యము

కార్వేటినగరము చూచినవారు అచ్చటి స్కందపుష్కరిణిని మఱవరు. ఆ రాతిమెట్ల కోనేటికిని, మన యిండ్లలో బల్లపై నుంచుకొను గాజుతొట్టికిని పోలిక యేమని శ్రోతలు అడుగవచ్చును. చేపలకు రెండును నీటి యిండ్లే. కాని యొక జాడ్యము సోకినప్పుడు విశాలమైన కోనేటిలో బ్రదుకగల చేప, చిన్న తొట్టిలో బ్రదుకుట కష్టము. ఆ భేదము తెలిసినచో చికిత్సయు తెలియును.

గప్పీ, మోలీ, టెట్రా, ఏంజెల్ మొదలగు పలుజాతుల చేపలను ఒకే తొట్టిలో పెంచువారు ఒకనాటి యుదయమున వాని రెక్కలపై బొంబాయి రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలను చూచి కలవరపడుదురు. చేపలు రాళ్ళకు ఒడలు రాచుకొనును, మేత ముట్టవు. మొప్పలకు సోకినచో నీటిపైకి వచ్చి రొప్పును. దీనికి కారణము ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలియిస్ అను ఏకకణ పరాన్నజీవి. 1876లో ఫూకే అను నాతడు దీనిని వర్ణించి యీ పేరు పెట్టెను. బహుసంతానముగల చేపపేను అని దాని యర్థము. ఇది పేను కాదు గాని, బహుసంతానమనుట మాత్రము నిజము.

ఈ జీవి చేప చర్మము క్రింద దూరి, అచ్చటనే తిని పెరుగును. మనకు కనబడు తెల్లచుక్క అదియే. పెరిగిన పిదప చేపను విడచి, తొట్టి అడుగునకు చేరి, చుట్టును జిగురుపొర కట్టుకొని, లోపల విభజన చెందుచు వందలకొలది పిల్లలగును. ఒక్కొక్కప్పుడు వేయి వఱకు నగును. ఆ పిల్లలు నీటిలో ఈదుచు చేపకై వెదకును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో అవి చచ్చును. కోనేటిలో వానిలో పెక్కింటికి చేప దొరకదు. రెండడుగుల తొట్టిలో నన్నిటికిని దొరకును. ఒక్క చుక్కతో మొదలైనది వారము రెండు వారములలో తొట్టినంతను తుడిచిపెట్టుట యిందువలననే.

ముఖ్యమైన విషయ మొకటి కలదు. చర్మము క్రింద నున్న జీవికిని, జిగురుపొరలో నున్నదానికిని సామాన్యముగా మందు అంటదు. నీటిలో ఈదు పిల్లలే మందునకు చిక్కును. కావున మనము వైద్యము చేయవలసినది చేపకు కాదు, నీటికి. చుక్కలు మాయమగుట జాడ్యము పోవుట కాదు. పురుగు చేపను విడచి సంతానమునకై అడుగునకు చేరినదని దాని యర్థము. మేమును తొలిసారి చుక్కలు పోయినవని సంతోషించి మూడవనాడే మందు మానితిమి. వారము తిరుగకుండనే చుక్కలు మునుపటికంటె దట్టముగా వచ్చినవి. టెట్రాలలో నొక్కటియు మిగులలేదు.

ఇక చికిత్స. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో సుమారు 50 లీటర్ల నీరు పట్టును. లీటరునకు 2 గ్రాముల వంతున 100 గ్రాముల కల్లుప్పును వేఱుగా నీటిలో కరగించి, ఒక దినములో మూడు నాలుగు విడతలుగా పోయవలెను. ప్రతిదినము సన్నని రబ్బరు గొట్టముతో అడుగునుండి నాలుగవవంతు నీరు తీయవలెను; దానితో జిగురుపొరలును కొన్ని పోవును. క్రొత్తగా పోయు నీటికి మాత్రమే అదే వంతున ఉప్పు కలుపవలెను. చలికాలమున హీటరుతో నీటిని మెల్లమెల్లగా 30 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడి చేసిన పురుగు త్వరగా చేపను విడచి మందునకు చిక్కును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక గాలిపంపు ఎడతెగక నడువవలెను. గోల్డుఫిష్‌కు ఇంత వేడి హితము కాదు.

పలుజాతులు కలిసియున్న తొట్టిలో మోతాదును బలహీనమైన చేపనుబట్టి నిర్ణయింపవలెను. పొలుసులు లేని చేపలును, నీటిమొక్కలును ఉప్పునకు తాళలేవు; వానికి సగముతో ప్రారంభించి చూడవలెను. అంగడిలో దొరకు మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ మందులు తీవ్రమైనవి; సీసాపై వ్రాసిన మోతాదు మీఱరాదు, చేతికి తగులనీయరాదు. మాలకైట్ గ్రీన్‌ను తినెడు చేపలకు ఎన్నడును వాడరాదు. మందు వేయుటకు ముందు ఫిల్టరులోని బొగ్గు తీసివేయవలెను. లేనిచో అది మందును పీల్చివేయును. చివరి చుక్క పోయిన పిదపగూడ మఱియొక వారము చికిత్స సాగింపవలెను.

ఈ జాడ్యము మనుష్యులకు అంటదు. అది తొట్టిలోనికి వచ్చుట చాలవఱకు క్రొత్త చేపతోను, దాని వెంట వచ్చు నీటితోను. చెన్నైలోని కొళత్తూరు వంటి పేరుపడిన చోటనుండి తెచ్చినను, ప్రక్క యూరినుండి తెచ్చినను, క్రొత్త చేపను కనీసము రెండు వారములు వేఱు తొట్టిలో నుంచి చూడవలెను. ఆ తొట్టికి వేఱే వలయు, వేఱే చెంబును ఉంచి, వాడిన పిమ్మట వానిని ఎండలో ఆరవేయవలెను. ఇంటికి వచ్చిన క్రొత్త చేపను ఆ సాయంకాలమే తొట్టిలో వదలుదమని పిల్లలు తొందరపెట్టుట సహజమే. ఆ రెండు వారములు వారిచేత ఓపిక పట్టించిన చాలును; పాత చేపలు బ్రదుకును.