మీకు తెలుసా? సున్నపురాయికీ సముద్రపు నత్తకీ చుట్టరికం

పల్నాడులోని పిడుగురాళ్ల బట్టీల్లో కాలే రాయి, ఉప్పునీటి అక్వేరియంలో పాచి గీకే నత్త గుల్ల, రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. అలాంటి నత్తలున్న తొట్టికి చేపల ఎంపిక ఆ గుల్ల దగ్గరే మొదలవ్వాలి. ట్రిగ్గర్, పఫర్ చేపలు గట్టి పళ్లతో నత్తల్నీ పీతల్నీ కొరికేస్తాయి. వాటి తొట్టిలో నత్తల్ని వదలడమంటే ఖరీదైన మేత వేయడమే. క్లౌన్ చేపల జంట, రొయ్యతో బొరియ పంచుకునే గోబీ అయితే గొడవ తక్కువ. చేపకు జబ్బుచేస్తే రాగి మందు వేరే తొట్టిలోనే వేయాలి, చేప తట్టుకునే మోతాదుకే నత్తా రొయ్యా చస్తాయి. నత్తలుంటే నీళ్లు మార్చనక్కర్లేదని కొందరి వాదన. నత్త పాచి తింటుంది, నిజమే. విసర్జిస్తుంది కూడా, ఆ వ్యర్థం నైట్రేట్‌గా మారి నీళ్లలోనే మిగులుతుంది. పోనీ, మన ఊరి సున్నం కలిపితే గుల్ల గట్టిపడదా? పగడాలు పెంచేవాళ్లు సున్నపు తేట వాడతారు, అదీ శుద్ధమైన సున్నంతో, చుక్కచుక్కగా. గుప్పెడు వేస్తే నీటి క్షారగుణం ఒక్కసారిగా పెరిగి తొట్టంతా చస్తుంది. అడుగున ఇసుకను శుభ్రం చేస్తుందని సముద్ర దోసకాయను మాత్రం కొనకండి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత జాబితాలో ఆ జీవి 2001 నుంచీ ఉంది.