చెకుముకి రాళ్ల మీద 320 కిలోమీటర్లు: గ్రావెల్ రేసులపై అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా ఒక చిన్న ఊరు. ఏటా మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో వేలాది మంది సైక్లిస్టులు అక్కడికి చేరుకుంటారు, 'అన్‌బౌండ్ గ్రావెల్' పోటీ కోసం. 2006లో 'డర్టీ కాంజా' పేరుతో 34 మందితో మొదలైన ఈ పోటీ గ్రావెల్, అంటే కంకర దారుల, సైకిల్ రేసులన్నింటిలోకీ ఎక్కువ పేరు పొందింది. ప్రధాన పోటీ దూరం 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి రేసు గురించి వినగానే మనకు కలిగే అభిప్రాయాలు చాలావరకు పొరపాటు. ఇది కండబలానికన్నా నిదానానికీ ముందుచూపుకీ పెట్టే పరీక్ష.

అపోహ: కాన్సాస్ బల్లపరుపు నేల. కంకర మీద కాస్త కుదుపులుంటాయి, అంతే.

వాస్తవం: ఎంపోరియా దగ్గరి ఫ్లింట్ హిల్స్‌లో ఉన్నది సున్నపురాయి. దాని పొరల మధ్య చెకుముకి రాయి ఇరుక్కుని ఉంటుంది. వానలకు సున్నపురాయి అరిగిపోతుంది, చెకుముకి రాయి మాత్రం పదునైన ముక్కలుగా నేలమీద మిగులుతుంది. ఈ రాళ్ల మూలంగానే రైతులు ఇక్కడ నాగలి దించలేకపోయారు. ఒకప్పుడు ఉత్తర అమెరికా నడిమధ్యన విస్తారంగా పరుచుకున్న నిలువెత్తు గడ్డి మైదానం ఇక్కడింకా బతికి ఉన్నది అందుకే. ఆ గడ్డిని కాపాడిన రాళ్లే టైర్ల పక్కభాగాలను కోసేస్తాయి. ఇక ఎత్తుల సంగతి: పెద్ద కొండలు లేవు గానీ, ఒకదాని వెంట ఒకటి వచ్చే చిన్న ఎత్తులన్నీ కలిపితే 200 మైళ్లలో సుమారు 3,000 మీటర్లు ఎక్కినట్టు. దారిలో చాలాచోట్ల చెట్టు నీడ దొరకదు, ఎదురుగాలికి అడ్డూ ఉండదు.

అపోహ: టైరు సన్నగా, గాలి గట్టిగా ఉంటేనే వేగం.

వాస్తవం: నున్నటి తారు మీద ఇది కొంతవరకు నిజం. కంకర మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి కాస్తా సైకిల్‌నూ మనిషినీ కుదపడానికి ఖర్చయిపోతుంది. వెడల్పాటి టైరులో గాలి కొంచెం తగ్గిస్తే అది రాయి మీద ఒదిగి దాటుతుంది. అందుకే ఇక్కడ 40 మిల్లీమీటర్లు, ఆపై వెడల్పున్న టైర్లు మామూలు. ఇటీవల కొందరు అగ్రశ్రేణి రైడర్లు 50 మిల్లీమీటర్లు దాటిన మౌంటెన్ బైక్ టైర్లకూ మారారు. అలాగని గాలి మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకుని టైరు చిరుగుతుంది. తన బరువు, టైరు వెడల్పు, ఆనాటి దారి చూసుకుని ఎవరి లెక్క వారే వేసుకోవాలి. దాదాపు అందరూ వాడేది ట్యూబ్‌లెస్ టైర్లే. లోపల పోసిన సీలెంట్ చిన్న చిల్లులను మూసేస్తుంది. పెద్ద కోత పడితే అందులో రబ్బరు స్ట్రిప్ గుచ్చాలి, అదీ నిలవకపోతే ట్యూబ్ వేసుకోవాలి.

అపోహ: వెనకాలే కారు వస్తుంది, సైకిల్ చెడిపోతే ఇంకొకటి ఇస్తారు.

వాస్తవం: టూర్ డి ఫ్రాన్స్‌లో మనం చూసే దృశ్యం అది. ఇక్కడ సహాయకుల సాయం నిర్ణీత చెక్‌పాయింట్ల దగ్గరే. నడుమ ఏం జరిగినా ఎవరి సైకిల్ వారే బాగుచేసుకోవాలి. 2023లో పోటీ మొదలైన కాసేపటికే వానకు నానిన బంకమట్టి దారి ఎదురైంది. అలాంటి మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య కూరుకుపోతే చక్రం తిరగదు. మొండిగా తొక్కితే గేర్లు మార్చే డిరైలర్ విరుగుతుంది, రేసు అక్కడితో సరి. సైకిల్ దిగి, భుజానికెత్తుకుని, గట్టు మీద గడ్డిలో నడిచి, పుల్లతో మట్టి గీకేసినవారికే ముందుకు దారి. ఎప్పుడు తొక్కకూడదో తెలియడం ఈ పోటీలో పెద్ద విద్య.

అపోహ: కాళ్లలో సత్తా ఉంటే చాలు.

వాస్తవం: 2024 అన్‌బౌండ్ విజేత లాక్‌లాన్ మోర్టన్‌కే 9 గంటలు దాటింది. చాలామందికి అంతకన్నా ఎన్నో గంటలు ఎక్కువ పడుతుంది. గట్టిగా తొక్కితే కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం రెండు మూడు గంటల్లో తరిగిపోతుంది. కాబట్టి గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాలు తీసుకుంటారు, అగ్రశ్రేణివారు 120 గ్రాముల దాకా వెళ్తారు. గ్లూకోజు, ఫ్రక్టోజు పేగుల్లో వేర్వేరు మార్గాల్లో రక్తంలోకి చేరతాయి గనుక రెండూ కలిపి తీసుకుంటే ఎక్కువ ఒంటబడుతుంది. అంత తినడాన్ని కూడా నెలల తరబడి సాధన చేయాలి. చెమటతో పోయే ఉప్పును పట్టించుకోకుండా ఉత్త నీళ్లే అతిగా తాగడం ప్రమాదకరం.

అపోహ: రోడ్డు రేసుల్లో నిలవలేనివారి కాలక్షేపం ఇది.

వాస్తవం: టూర్ డి ఫ్రాన్స్ తొక్కిన ఇయాన్ బాస్వెల్ 2021లో అన్‌బౌండ్ గెలిచాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో తొలి గ్రావెల్ ప్రపంచ పోటీలు నిర్వహించింది. 2024లో ఆ కిరీటాలు దక్కింది మాథ్యూ వాన్ డెర్ పోల్‌కు, మరియానే వోస్‌కు. ఇద్దరూ రోడ్డు మీదా ప్రపంచ విజేతలే.

అపోహ: మన బ్రెవేల్లాంటిదే ఇదీ.

వాస్తవం: హైదరాబాద్‌లో జరిగే బ్రెవేల్లో, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాల్లో, 200 కిలోమీటర్లను 13.5 గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగిస్తే చాలు, ర్యాంకులుండవు. గ్రావెల్ రేసులో ఎవరెన్నో స్థానమో లెక్క కడతారు. అయితే తన సామగ్రి, తన తిండి, తన నిర్ణయం తనవే అన్న సూత్రం రెంటికీ ఒకటే. ఎంపోరియాలో ఉదయం బయల్దేరినవారి కోసం అర్ధరాత్రి దాటాక కూడా ముగింపు గీత తెరిచే ఉంటుంది. పొద్దుగూకేలోగా చేరితే చాలన్నదే ఎందరికో లక్ష్యం.

కనుక ఖరీదైన సైకిల్ కొనేవరకు ఆగనక్కర్లేదు. ఊరి పొలం బాటలు, చెరువు గట్లు ఉన్నాయి. వెడల్పాటి టైర్లు పట్టే సైకిల్ ఒకటి ఉంటే వాటి మీద మొదలుపెట్టవచ్చు. టైరును సొంతంగా బాగుచేసుకోవడం, గంట గంటకూ తినడం, అలసినప్పుడు ఆగి ఆలోచించడం ముందు నేర్చుకోండి. వేగం వాటి తర్వాత వస్తుంది.