రాడ్డు కింద సపోర్టు

కిందటి చలికాలం లాల్‌పేట్‌లో మా అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు, మేనల్లుడు సాయంత్రం పూట నన్ను తన జిమ్ముకు లాక్కెళ్లాడు. రేకుల కప్పు, ఒక గోడకు అద్దం, రెండు బెంచీలు. సోమవారం కావడంతో రెండు బెంచీల దగ్గరా వరసే. దేశంలో ఏ జిమ్ములో చూసినా సోమవారం ఛాతీవారం. మావాడు రాడ్డుకు అటూ ఇటూ పాతిక కిలోల చొప్పున ఎక్కించాడు. ఇరవై కిలోల రాడ్డుతో కలిపి డెబ్బై. పడుకుని, తల వెనక నిలబడ్డ స్నేహితుడితో “భావూ, సపోర్ట్ దే” అన్నాడు. రాడ్డు బావిలోకి జారిన చేదలా కిందికొచ్చింది, ఛాతీకి తగిలి ఎగిరింది, సగం దూరం లేచి ఆగిపోయింది. ఎడమ మోచెయ్యి పక్కకు విచ్చుకుంది. నడుము బెంచీని వదిలి గాల్లోకి లేచింది. స్నేహితుడు రెండు చేతులా రాడ్డును పైకి లాగుతూ “తేరా హై, తేరా హై” అని అరిచాడు.

ఇంటికొచ్చాక బావ అడిగాడు: “ఎంత లేపినవ్‌రా?”

“డెబ్బై కిలోలు, బాపు.”

“అండ్ల నువ్వు లేపిందెంత, నీ దోస్తు లేపిందెంత?”

బావ బొగ్గుబాయిలో టింబర్‌మ్యాన్‌గా చేసి దిగిపోయిన మనిషి. పని చోట కప్పు కింద దుంగలు నిలబెట్టి, పైనున్న రాతిని ఆపడం ఆయన ఉద్యోగం. “మా బాయిల సపోర్టు పెట్టినంకనే మనిషి అడుగు పెడ్తడు. మీరేమో కప్పు కూలినంక సపోర్టు అంటున్నరు” అన్నాడు. బెంచ్ ప్రెస్ గురించి నేను చదివిన వాటన్నిటిలోకి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట లేదు.

మహారాష్ట్రలో చంద్రపూర్ నగరానికి దక్షిణాన ఉన్న లాల్‌పేట్ బొగ్గు మీద లేచిన పేట. 1973లో గనులు జాతీయమై, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడక ముందు నుంచీ ఇక్కడ బొగ్గు తవ్వుతున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి పనికొచ్చిన కుటుంబాలు చాలా ఇక్కడే స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, జిమ్ములో హిందీ. తట్టా చెమ్మస్‌తో, అంటే తట్టా పారతో బొగ్గెత్తిన తరం పిల్లలు ఇప్పుడు డబ్బు కట్టి ఇనుము ఎత్తుతున్నారు. పాత తరానికి బరువంటే భయమూ ఉంది, లెక్కా ఉంది. కొత్త తరానికి అద్దం ఉంది.

బెంచ్ ప్రెస్‌లో కదిలేది చెయ్యి. బరువును నెట్టేది ఛాతీ మీది విసనకర్ర లాంటి పెద్ద కండరం పెక్టోరాలిస్ మేజర్, భుజం ముందు భాగం, దండచేతి వెనకనున్న ట్రైసెప్స్. అయితే వీటన్నిటికీ ఆధారంగా నిలబడేది వీపు వెనకున్న రెక్క ఎముక. అద్దంలో కనబడదు కాబట్టి దాని ఊసు ఎవరికీ పట్టదు.

తుంటి కీలు రోట్లో దిగిన రోకలి లాంటిది, సులభంగా తప్పుకోదు. భుజం కీలు అలా కాదు. సాసరులో నిలబెట్టిన బత్తాయి పండు అనుకోండి. బత్తాయి చేతి ఎముక తల. సాసరు రెక్క ఎముక అంచున ఉన్న లోతులేని పళ్లెం. చెయ్యి అన్ని వైపులకూ తిరగాలంటే ఇంతకంటే లోతైన గిన్నె పనికిరాదు. దొర్లిపోకుండా బత్తాయిని నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టి ఉంచుతాయి. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. ఛాతీ కండరం ఏనుగంత బలం పెంచుకున్నా, ఆ బలం ఈ సాసరు మీదుగానే రాడ్డును చేరాలి.

అందుకే రాడ్డును ముట్టుకోకముందే సాసరును కదలకుండా బిగించుకోవాలి. చలికి ముడుచుకున్న మనిషి భుజాలు చెవుల దగ్గరికి, ముందుకు చేరతాయి కదా, దానికి సరిగ్గా తిరగబడ్డ భంగిమ ఇది. రెక్క ఎముకల్ని వెనక్కీ కిందికీ లాగి, వాటి మీదే పడుకోవాలి. అప్పుడు ఛాతీ కాస్త పైకి లేస్తుంది, నడుము కింద చిన్న వంపు ఏర్పడుతుంది, పిరుదులు బెంచీ మీదే ఉంటాయి, పాదాలు నేలను అదుముతాయి. ఇది బావ పెట్టే దుంగ. ఇది పెట్టాక అదే బరువు తేలికగా అనిపిస్తుంది. కదలని పీట మీద నిలబడి మేకు కొట్టడానికీ, ఊగే పీట మీద కొట్టడానికీ ఉన్న తేడా అది. గాయం నుంచి కాపాడే పాఠం, బలం పెంచే పాఠం విడివిడిగా ఉండవని మావాడికి నేను చెప్పాలనుకున్నది ఇందుకే.

ఇక మోచేతులు. చాలామంది వాటిని శిలువ ఆకారంలో పూర్తిగా పక్కలకు చాస్తారు. ఆ కోణంలో రాడ్డు మెడ వైపుకు దిగుతుంది, చేతి ఎముక తలకూ పైనున్న ఎముక కప్పుకూ నడుమ స్నాయువులు నలగొచ్చు. మోచేతుల్ని పక్కటెముకల వైపు కొంత తేవాలి. దేహానికి 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఎవరి ఎముకల పొడవును బట్టి వారికి కుదురుతుంది. రాడ్డు చనుమొనల దగ్గరో కాస్త దిగువనో ఛాతీని తాకాలి. రాడ్డు బరువు అరచేతి మడమ మీద, మణికట్టుకు నిలువుగా పడాలి. వేళ్ల వైపు జారితే మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. పట్టు వెడల్పు విషయంలో భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటవద్దన్నది గాయాల మీద పనిచేసినవారి సలహా. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో చూపుడు వేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. ఆ వెడల్పులో రాడ్డు ప్రయాణించే దూరం తగ్గుతుంది కాబట్టి పోటీదారులు దాన్ని ఎంచుకుంటారు. పోటీ లేనివాడికి ఆ బేరం లాభం కాదని నా లెక్క.

రాడ్డు నిట్టనిలువుగా పైకి పోవాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. నేర్పరులైన లిఫ్టర్ల రాడ్డు అలా పోదు. ఛాతీ దిగువన తాకి, లేస్తూనే కొంచెం తల వైపు వంగి, చివరికి భుజం కీలు మీదకు చేరుతుంది. రాడ్డు కీలుకు ఎంత ముందుంటే భుజం మీద తిప్పుడు బలం అంత ఎక్కువ, దగ్గరికొస్తే తక్కువ. పొడవైన గునపం చివర బరువు తగిలించి పట్టుకున్నవాడికి ఈ భౌతికశాస్త్రం చెప్పక్కర్లేదు.

గాయం ఎక్కువగా దించేటప్పుడు జరుగుతుంది. నెట్టేటప్పుడు కండరం కురచవుతూ పనిచేస్తుంది, దించేటప్పుడు సాగుతూ పనిచేస్తుంది. సాగుతున్న కండరం మోయగల బిగువు ఎక్కువ. అందుకే లేపలేని బరువును కూడా దించగలుగుతాం. ఛాతీ కండరపు స్నాయువు తెగిన రోగుల్ని పరిశీలించి 1992లో వెలువడిన ఒక అధ్యయనం, మోచెయ్యి దేహం కంటే కిందికి దిగే చివరి 30 డిగ్రీల్లో ఛాతీ కండరపు దిగువ పోగులు మిగతావాటికంటే విపరీతంగా సాగుతాయని చూపింది. తాడులోని అన్ని పురులూ సమంగా లాగడం మానేసి, రెండు పురుల మీదే భారం పడినట్టు. ఆ క్షణంలో రాడ్డును జారవిడిచి ఛాతీకి కొట్టి ఎగరేస్తే ఏమవుతుందో ఊహించండి. తెగినవాళ్లు ‘పట్’మని చప్పుడైందంటారు. చంక ముందు మడత పలచబడుతుంది, చెయ్యంతా నల్లగా కములుతుంది. ఎక్కువమంది ఇరవై నుంచి నలభై ఏళ్ల మగవాళ్లే. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే కండరం పెరిగిన వేగంతో స్నాయువు గట్టిపడదు. తెగిందనిపిస్తే మర్దన చేయించుకుంటూ వారాలు గడపకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లాలి. ఆలస్యమైతే కుట్టడం కష్టమవుతుంది.

కాబట్టి రాడ్డును రెండు సెకన్లు లెక్కపెడుతూ దించి, ఛాతీ మీద బట్టకు తాకినంతగా తాకించి, ఒక క్షణం ఆపి లేపాలి. పోటీ నియమం కూడా ఇదే. రాడ్డు ఛాతీ మీద కదలకుండా ఆగాకే రెఫరీ “ప్రెస్” అంటాడు. ఇలా చేస్తే మావాడి డెబ్బై ఒక్కసారిగా యాభై అయిపోతుంది. కుర్రాళ్లు ఒప్పుకోనిది ఇదొక్కటే.

అసలు మొదట్లో బెంచీయే లేదు. 1898లో జార్జ్ హాకెన్‌ష్మిట్ అనే మల్లయోధుడు నేల మీద పడుకుని 361 పౌండ్లు, అంటే సుమారు 164 కిలోలు నెట్టాడు. ఆ రికార్డు 18 ఏళ్లు నిలిచింది. నేల మీద పడుకుంటే మోచేతులు నేలకు ఆనగానే దిగడం ఆగిపోతుంది, ఆ ప్రమాదకరమైన చివరి 30 డిగ్రీలు రానే రావు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు ఈ పాత పద్ధతి ఇప్పటికీ మంచి మందు. నా కుడి భుజం మూడు నెలలు సతాయించినప్పుడు నేను చాప పరుచుకుని చేసింది ఇదే.

ఛాతీ మీద బరువు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, 1942లో కన్నుమూసిన ఈ కలియుగ భీముడు ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకునేవారు. అయితే అది బెంచ్ ప్రెస్ కాదు. అందులో భుజం కదలదు. గాలి నింపిన పక్కటెముకల గూడే స్తంభంలా బరువును ఆపుతుంది. వాయుస్తంభనలో ఆయన దిట్ట కావడం ఊరికే కాదు. రాడ్డు కింద మనం నేర్చుకోవలసిందీ అక్కడే ఉంది. దించేముందు పొట్ట నిండా గాలి పీల్చి బిగబట్టి, లేపుతూ కష్టమైన చోటు దాటాక వదలాలి. ఆ గాలి మొండెం లోపల పెట్టిన ఇంకో దుంగ. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టే ముందు డాక్టరును అడగాలి.

బలం ఎలా పెరుగుతుందో ఇప్పుడు చూద్దాం. మొదటి కొన్ని వారాల్లో పెరిగేది కండ కాదు, నాడులకు అబ్బే నేర్పు. ఉన్న పోగుల్లోనే ఎక్కువవాటిని ఒకేసారి పనిలోకి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. కండ ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది. నేర్పు అలసటలో అబ్బదు కాబట్టి సోమవారం ఒక్కరోజే ఇరవై సెట్లు చేసేకంటే వారానికి రెండు మూడు సార్లు, సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగి, ఇంకొకటి రెండుసార్లు లేపగల శక్తి ఉండగానే సెట్టు ఆపడం మేలు. బరువును కొద్దికొద్దిగా పెంచడం అనే సూత్రానికి వైద్యశాస్త్రంలో చోటిచ్చింది అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. 1940లలో, రెండో ప్రపంచయుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల మీద.

కొద్దికొద్దిగా అంటే ఎంత? మన జిమ్ముల్లో చిన్న ప్లేటు సాధారణంగా రెండున్నర కిలోలు. రెండు వైపులా వేస్తే ఐదు. నలభై కిలోలు నెట్టేవాడికి ఐదు కిలోలంటే ఎనిమిదో వంతు, ఒక్క వారంలో ఎవరి స్నాయువూ అంత పెరగదు. కిలో, అరకిలో ప్లేట్లు కొనుక్కుని జేబులో వేసుకెళ్లండి, నవ్వేవాళ్లు నవ్వుతారు. రాడ్డునూ ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. స్థానికంగా చేసిన రాడ్లన్నీ ఇరవై కిలోలు తూగవు. ఒక్కసారి గరిష్ఠంగా ఎంత లేపగలరో తెలుసుకోవడానికి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ఎప్లీ సూత్రముంది. లేపిన బరువును, ఎన్నిసార్లు లేపారో ఆ సంఖ్యలో ముప్పయ్యో వంతుకు ఒకటి కలిపి గుణించండి. అరవై కిలోలు ఐదుసార్లు లేపినవాడి గరిష్ఠం సుమారు డెబ్బై.

నెట్టినంత లాగాలి కూడా. రాడ్డును పొట్ట వైపు లాగే రోయింగ్, పుల్లప్స్ రెక్క ఎముకను వెనక్కి పట్టే కండరాల్ని పెంచుతాయి. దండీలు మానొద్దు. బెంచీ మీద రెక్క ఎముక అదిమి ఉంటుంది, దండీలో స్వేచ్ఛగా జారుతుంది, భుజానికి ఆ రెండూ కావాలి. చంద్రపూర్ ఉన్న విదర్భలో ఇలాంటి వ్యాయామాలకు పెద్ద సంప్రదాయమే ఉంది. అమరావతిలో 1914లో మొదలైన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అక్కడికి బృందాన్ని పంపి దేశీ వ్యాయామాలు చూపించింది. తిండి సంగతి క్లుప్తంగా: దేహబరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ దాటితే అదనపు లాభం పెద్దగా లేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన రోజు నిద్రపోవడమే వ్యాయామం. చంద్రపూర్ మే నెలలో రేకుల కప్పు కింద మధ్యాహ్నం బరువులెత్తడం మూర్ఖత్వం.

చివరిగా అసలు సపోర్టు. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి పట్టాలి. వేలు వదిలేసిన పట్టులో రాడ్డు జారితే ఛాతీ మీదో మెడ మీదో పడుతుంది. పక్క కడ్డీలు ఉన్న స్టాండు దొరికితే వాటిని ఛాతీకి కాస్త దిగువ ఎత్తులో పెట్టుకోండి. అవి లేకుండా ఒంటరిగా చేయక తప్పకపోతే ప్లేట్లకు బిరడాలు బిగించకండి. ఇరుక్కుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జారవిడవొచ్చు. వెనక నిలబడ్డవాడు రాడ్డు ఆగి కిందికి తిరిగేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆసారి లేపింది లెక్కలోకి రాదు. భుజం పైన, కాలర్ బోన్ కొసన, ఆ వైపు ఒత్తిగిలితే నిద్రపట్టనంత నొప్పి వస్తుంటే దాన్ని ‘మజిల్ పెయిన్’ అనుకోకండి. కాలర్ బోన్ కొస అరుగుతుండొచ్చు. బెంచీ కొన్ని వారాలు మానాల్సిందే.

మావాడు ఆ చలికాలమే నలభై ఐదుకు దిగాడు, స్నేహితుల వెక్కిరింతలు భరిస్తూ. మొన్న దసరాకు ఫోన్ చేశాడు. “మామా, అరవై రెండున్నర, ఐదుసార్లు. ఎవ్వల చెయ్యి తగల్లేదు.” ఎప్లీ లెక్కన అది డెబ్బై మూడు.