చెక్క అచ్చులో చెక్కుచెదరని కోటలు

జపాన్‌లోని నగోయా కోట ప్రధాన సౌధం 1945 మే నెలలో అమెరికా వైమానిక దాడిలో దగ్ధమైంది. ఇప్పుడున్నది 1959లో కాంక్రీటుతో కట్టినది. పాత సౌధం రూపం కవాసే హసుయి (1883-1957) చెక్క అచ్చు చిత్రంలో నిలిచి ఉంది. ఇటువంటి కోటల, ప్రకృతి దృశ్యాల చిత్రాలను సేకరించేవారు అనేక దేశాల్లో ఉన్నారు. అయితే ఒకే చిత్రం తొలి ముద్రణకూ, దశాబ్దాల తరువాతి ముద్రణకూ ధరలో ఎంతో అంతరం ఉంటుంది. ఆ తేడా తెలియనివారు నష్టపోక తప్పదు.

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ పనివారు రంగు అద్దిన అచ్చును వస్త్రంపై ఒత్తుతారు. జపాన్ పద్ధతి దీనికి భిన్నం. చెర్రీ చెక్క పలకకు రంగు పూసి, దానిపై తడి కాగితం పరచి, వెనుకవైపు నుంచి వెదురు పొర చుట్టిన గుండ్రని సాధనంతో రుద్దుతారు. సాధారణంగా రంగుకొక పలక అవసరం. గీసేవారు, చెక్కేవారు, అచ్చు వేసేవారు వేర్వేరు వ్యక్తులు. ఆకాశపు నీలం క్రమంగా పలుచబడటం అచ్చు వేసేవారి హస్తలాఘవమే! అందుకే ప్రతి ప్రతికీ కొంత తేడా కనిపిస్తుంది.

ముద్రలే ఆధారం

హిరోషిగే (1797-1858) చిత్రాలకు గిరాకీ అధికం కావడంతో పలకలు అరిగిపోయాయి. తరువాతి కాలంలో కొత్త పలకలు చెక్కి నకళ్లు కూడా తీశారు. హసుయి చిత్రాల ప్రచురణకర్త వతనబే షోజబురో దుకాణం 1923 సెప్టెంబరు 1 నాటి భూకంపం వెంట చెలరేగిన మంటల్లో పలకలతో సహా కాలిపోయింది. అంతకు ముందరి ప్రతులు అరుదు కావడానికి కారణమిదే. ఆయన సంస్థ ముద్రలు కాలానుగుణంగా మారాయి గనుక వాటి ఆకారాన్ని బట్టి ముద్రణ కాలాన్ని అంచనా వేస్తారు.

1926లో హిమేజీ కోటను చిత్రించిన యోషిదా హిరోషి (1876-1950) సొంత ముద్రణాలయం నడిపారు. తన పర్యవేక్షణలో వెలువడిన ప్రతుల అంచున 'జిజురి' అనే ముద్ర వేసేవారు. మరణానంతర ప్రతులపై అది ఉండదు. భారత పర్యటన అనంతరం ఆయన అప్పటి నిజాం రాజ్యంలోని అజంతా, ఎల్లోరాలను సైతం అచ్చు చిత్రాలుగా మలిచారు.

ఎండ తగిలితే ఈ రంగులు వెలిసిపోతాయి. జిగురుతో అట్టకు అంటించరాదు. ఫ్రేము కట్టేవారు కొలత కోసం అంచులు కత్తిరించకుండా చూసుకోవాలి. జిజురి వంటి ముద్రలు ఉండేది ఆ అంచుపైనే.