పందెపు మోటారు సైకిల్: తూకానికి వేయకండి, తరాలకు దాచండి

పాత ఇనుము కొనేవారికి మోటారు సైకిల్ అంటే తూకమే. ఇంటి పెద్ద కాలం చేసిన తరువాత, కొట్టంలో గోనె సంచుల కింద ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండిని చూసి, “ఇది ఎలాగూ నడవదు గదా” అని పిల్లలు దానిని తూకానికి ఇచ్చివేయడం మనం చూస్తున్నదే. ఆ బండి ఒకనాడు పందెంలో పరుగెత్తినదైతే, ఇనుముతో పాటు ఆ ఇంటి జ్ఞాపకం కూడా కరిగిపోతుంది. అటువంటి బండిని గుర్తించడం, భద్రపరచడం ఎలాగో తెలుసుకుందాం.

డ్రాగ్ రేసు అంటే ఏమిటి?

మలుపులు లేని తిన్నని బాటపై, నిలిచిన చోటు నుండి రెండు బండ్లు ఒకేసారి బయలుదేరి, సాధారణంగా 402 మీటర్లు, అంటే పావు మైలు, ఎవరు ముందు దాటుతారో తేల్చే పందెమే డ్రాగ్ రేసు. కొన్ని క్షణాలలో ముగిసే ఈ పందేనికి పొడవైన చదునైన నేల చాలు. కనుకనే పాత విమానాశ్రయాల రన్‌వేలు దీనికి అనువైనవి. వేగపు పందేలు మన ప్రాంతాలకు కొత్త కాదు. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న తిరువళ్లూరు జిల్లాలోని చోళవరం వద్ద, రెండవ ప్రపంచ యుద్ధకాలపు రన్‌వేపై మోటారు పందేలు దశాబ్దాల పాటు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట ఏర్పడ్డాక అవి అక్కడికి తరలిపోయాయి.

ఒక ఉదాహరణ: రాజ్‌దూత్ 350

జపానుకు చెందిన యమహా సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో ఈ బండిని మన దేశంలో ప్రవేశపెట్టింది. 347 సి.సి. సామర్థ్యం, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు దీని ప్రత్యేకతలు. తొలి రకం శక్తి సుమారు 30 అశ్వశక్తి. మైలేజీ కోసం తరువాత దానిని 27 వరకు తగ్గించారు. ఇంధనం అధికంగా తాగుతుందన్న పేరు రావడంతో సామాన్యులు దీనికి దూరమైనా, వేగాన్ని ప్రేమించే యువకులు మాత్రం దీనిని విడువలేదు. వీటి ఉత్పత్తి నిలిచిపోయి మూడు దశాబ్దాలు దాటింది.

పందెపు గుర్తులను చెరపవద్దు

చాలామంది చేసే మొదటి పొరపాటు, బండికి కొత్త రంగు వేయించి, కొత్త భాగాలు బిగించి షోరూము బండిలా మార్చివేయడం. పందెపు బండి విలువ దాని మార్పులలోనే ఉంది. ముందు చక్రం పైకి లేవకుండా పొడిగించిన వెనుక ఫోర్కు, ఉబ్బెత్తు సైలెన్సర్లు, బరువు తగ్గించడానికి తొలచిన రంధ్రాలు, మార్చిన పళ్లచక్రాలు, ట్యాంకుపై గీసిన పందెం సంఖ్య, ఇవన్నీ సాక్ష్యాలు. కొత్త రంగు ఏనాడైనా వేయించవచ్చు. పాత రంగు ఒకసారి గీకివేస్తే తిరిగి రాదు.

అందుచేత ఏ మరకూ విప్పకముందే నలువైపులా ఫొటోలు తీయండి. తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసి డబ్బాలో దాచండి. ఇంజను, ఛాసిస్ నంబర్లను గీకడం, తిరిగి కొట్టించడం ఎన్నడూ చేయవద్దు. దానిని ఎవరు సిద్ధం చేశారో, ఏ సంవత్సరంలో ఎక్కడ నడిపారో తెలిసిన పెద్దలను అడిగి వెంటనే రాసుకోండి. బండి కంటే ముందుగా మాయమయ్యేది ఆ సమాచారమే.

కిక్ కొట్టే ముందు ఆగండి

టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలుతో పాటు నూనె కూడా అందాలి. రాజ్‌దూత్ 350లో ఆ పనికి ఒక పంపు ఉంటుంది. పందెం కోసం సిద్ధం చేసిన బండ్లలో ఈ పంపును తొలగించి, నూనెను పెట్రోలులోనే కలిపి పోయడం పరిపాటి. ఇది తెలియని వారు ఉట్టి పెట్రోలు పోసి నడిపితే పిస్టన్ సిలిండరులో పట్టివేస్తుంది. చాలాకాలం నిలిచిన బండిలో క్రాంకు సీళ్లు ఎండి పగులుతాయి. అక్కడి నుండి గాలి లోనికి చొరబడి ఇంజను వేడెక్కినా నష్టం అదే. కనుక పంపు ఉన్నదో లేదో చూసి, సీళ్లు మార్పించిన తరువాతే స్టార్టు చేయాలి.

నిలువ ఉంచే పద్ధతి

ట్యాంకును, కార్బురేటర్లను పూర్తిగా ఖాళీ చేయాలి. నేటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలకు హాని చేస్తుంది. ఖాళీ ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా పలుచగా నూనె పూయాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు టూ స్ట్రోక్ నూనె వేసి, కిక్కును నెమ్మదిగా నాలుగైదు సార్లు తొక్కి, ప్లగ్గులు తిరిగి బిగించాలి. బ్యాటరీని వేరుచేయాలి. చక్రాలు నేలను తాకకుండా దిమ్మలపై నిలపాలి. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ చేరుతుంది. నూలు దుప్పటి మేలు. పశువుల కొట్టంలో మూత్రపు ఆవిరి లోహాన్ని తినివేస్తుంది కనుక అక్కడ ఉంచకపోవడమే మంచిది. ఎలుకలు వైర్లు కొరకకుండా చూడాలి.

కాగితాలు: సరిహద్దు వాసులకు ముఖ్యం

ఆర్.సి. పుస్తకం బండితో సమానమైన ఆస్తి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, నిరభ్యంతర పత్రం తెచ్చి కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. యజమాని మరణిస్తే వారసులు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలలలో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. తొలి 15 ఏళ్లు ముగిసిన తరువాత రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి.

50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నమోదు కల్పిస్తూ 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 1983 నాటి రాజ్‌దూత్‌కు ఆ వయస్సు 2033లో గాని రాదు. పైగా ఛాసిస్, ఇంజను పెద్దగా మారకుండా ఉండాలన్న షరతు ఉన్నందున, పందెపు మార్పులున్న బండి విషయం ముందుగా అధికారులను అడిగి తెలుసుకోవాలి. అటువంటి బండిని రహదారిపై నడపడం చట్టవిరుద్ధమూ, అపాయకరమూ. ప్రదర్శనకు తీసుకుపోవాలంటే వ్యానులో తరలించాలి.

బండి తిరిగి పరుగెత్తకపోయినా నష్టం లేదు. అది ఎవరిదో, ఎలా పరుగెత్తిందో మనవళ్లు చూపి చెప్పగలిగితే చాలు. తూకం వేసేవాడు వాకిట నిలబడినప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి.